మా ఆవిడలాంటి ఆవిడ

పొద్దున కాఫీలయ్యాక ఆవిడ కుట్టు మిషను ముందు కూర్చుంది. ఏదో కొత్త ఆఫీసుకి నీలం రంగు కర్టెన్లు కావాలట. గుడ్డ మందంగా ఉండి సూది మాటిమాటికీ మొరాయిస్తోంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా మిషను మీద పడే వేళ అది. ఆవిడకు రోజు మొత్తంలో ఇష్టమైన వేళ కూడా అదే. కొడుకు బల్ల దగ్గర కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పడం అతని ఉద్యోగం. ఎంత స్నానం చేసినా ఒంట్లోంచి క్లోరిన్ వాసన పోదు. కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు కోసం మంచం కింద దూరి వెతుకుతోంది.

ఆయన గదిలోంచి వచ్చాడు. ఆ చుట్టుపక్కల మేడల్లో సగం లిఫ్టులు ఒకప్పుడు ఆయన చేతి మీదే నడిచాయి. రిటైరై ఏళ్లయినా ఆ బిల్డింగులో అందరూ ఆయన్ని ఇంకా లిఫ్టు తాతగారనే పిలుస్తారు. లిఫ్టుల చీకటి గోతుల్లోకి కోతిలా దిగి రిపేర్లు చేసిన మనిషి, ఇప్పుడు నున్నటి నేల మీద కూడా నీళ్లున్నాయేమో అన్నట్టు చిన్నచిన్న అడుగులు వేస్తూ వస్తున్నాడు.

సోఫా దగ్గర ఆగి, "గుడ్డ మీద కూర్చోకండ్రా. ముడతలు పడితే మా ఆవిడ చంపేస్తుంది" అన్నాడు.

సోఫా మీద మడతపెట్టిన కర్టెన్లు తప్ప ఎవరూ లేరు.

ఆవిడ నవ్వుకుంది. ఆ పిల్లలు ఆయనకు కనబడడం కొత్తేమీ కాదు. ఇద్దరో ముగ్గురో ఉంటారు, మాట్లాడరు, అల్లరి చెయ్యరు, ఊరికే కూర్చుంటారు. "ఇంత బుద్ధిమంతులు మన వంశంలో పుట్టలేదు మావయ్యా, ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారు?" అని కోడలు ఆటపట్టిస్తే ఆయన కూడా నవ్వేవాడు. ఆ పిల్లలతో ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా దాని తర్వాత వచ్చేదానితోనే. ఆయన మిషను వైపు తిరిగాడు. ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత, బస్సులో పక్క సీటు మనిషిని అడిగినంత మర్యాదగా అడిగాడు.

"ఏమండీ, మా ఆవిడ ఎటెళ్లిందో చూశారా?"

మిషను ఆగిపోయింది.

"నేనేనండీ మీ ఆవిణ్ణి. సరిగ్గా చూడండి."

"భలేవారే!" ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "పోలికలున్నాయి, కాదనను. అచ్చం అలాగే ఉన్నారు. కానీ మా ఆవిడ వేరు."

"ఎలా వేరు?"

"మా ఆవిడకి కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి. వేళ్లకి కత్తెర తగిలించుకునే మాట్లాడుతుంది, చూసేవాళ్లకి హడలు. పెళ్లైన కొత్తలో ఓసారి దారిలో వాన పట్టుకుంది. ఉన్న ఒక్క గొడుగూ నాకిచ్చేసి, తను ఎవరికో కుట్టిన కర్టెను నెత్తిన కప్పుకుని నడిచింది. రంగు దిగి మొహమంతా ఆకుపచ్చ! వారం దాకా వదల్లేదు." ఆయన కళ్లు మెరిశాయి. "అలాంటి మనిషి ఇంకొకరుండరండీ."

ఒక్క మాట కూడా తప్పు పోలేదు. ఆ ఆకుపచ్చ మొహం ఆవిడదే. ఆ మొహానికే ఆ కథంతా చెప్పి, నువ్వు కాదు పొమ్మంటున్నాడు. ఆవిడ లేచి కోడలి దగ్గరికి వెళ్లింది. చెవులు నిజంగానే ఎర్రబడ్డాయి.

"అమ్మాయ్, ఆ మాత్ర ఇలా ఇయ్యి."

కోడలు మంచం కింద నుంచి లేచింది. "ఏ మాత్ర అత్తయ్యా?"

"తెలీనట్టు మాట్లాడకు. వీధి చివర డాక్టరు రాసిచ్చింది. అది వేసిన రెండు రోజులూ ఆయన ఒక్కసారి కూడా నన్ను ఎవరండీ అనలేదు."

"అనలేదు నిజమే. అసలు ఏమీ అనలేదు. చెంచా కూడా ఎత్తలేకపోయారు. మెడ కొయ్యబారిపోయింది, నోట్లోంచి చొంగ కారుతున్నా తుడుచుకోవాలని తెలీలేదు. మీరే తుడిచారు."

"కొత్త మందు కొత్తలో అలాగే ఉంటుంది."

కొడుకు బూటు వదిలేసి తలెత్తాడు. "డాక్టరు రాసిన మందు ఆపడానికి మనమెవరం?"

"నేనెవర్నీ కాదు కాబట్టే ఆయనకే ఫోన్ చేశాను. ఆయనే ఆపమన్నారు. ఏ రకం జబ్బో తేలాలి, పెద్దాసుపత్రిలో చూపించండి అన్నారు."

"మరి నాకు చెప్పవేం?"

"చెప్పాను. నువ్వు నీ ఫోన్ చూసుకుంటూ ఊఁ అన్నావు."

అతను మళ్లీ బూటు అందుకున్నాడు.

"ఎల్లుండే స్కానింగ్ అత్తయ్యా. ముందుగా ఆపాల్సిన మందులు ఆపేశాను. గుండెకి తీస్తారట, దాంతో..."

"గుండెకా?" ఆవిడ గొంతు లేచింది. "తలకి జబ్బైతే గుండెకి ఫోటో ఏంటే? పంటినొప్పని వెళితే మోకాలు నొక్కినట్టు! ఆయన గుండె గుండ్రాయిలా ఉంది. ఎందుకివన్నీ? ఆ మాత్ర వేస్తే సరిపోతుంది. అరమాత్రైనా వెయ్యి."

"వెయ్యను అత్తయ్యా."

"నా మొగుడు నన్ను గుర్తుపట్టడం నీకిష్టం లేదా? రేప్పొద్దున నీ మొగుడు నిన్ను చూసి, ఎవరండీ మీరు అంటే అప్పుడు తెలుస్తుంది నీకు. కన్నకూతురైతే నన్నిలా ఏడిపిస్తుందా?"

ఆ కోడలు ఆ ఇంటికొచ్చిన నాటి నుంచి ఇద్దరి మధ్యా అలాంటి మాట ఎన్నడూ రాలేదు. చీర అంచు కుట్టించుకున్నా, జ్వరమొచ్చినా, మొగుడి మీద చాడీలు చెప్పాలన్నా ఆ పిల్లకు అత్తగారే దిక్కు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

అప్పుడు ముందు గదిలోంచి ఆయన పిలిచాడు, చాలా మెత్తగా. "ఏమండీ, మీరు చుట్టపుచూపుగా వచ్చినట్టున్నారు. మా కోడలి మీద కేకలెందుకండీ? మంచి పిల్ల."

కొడుక్కి నవ్వొచ్చింది, ఆపుకోలేక దగ్గాడు. ఆవిడ మాత్రం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని స్నానాల గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది.

తర్వాతి రోజంతా అత్తాకోడళ్లు అవసరానికి మించి మాట్లాడుకోలేదు. కోడలు ఎప్పటిలాగే మావగారి మాత్రలు డబ్బాలో సర్దింది, స్కానింగుకి ముందు వెయ్యమన్న మందు వేసింది, ఆయన జారిపడకుండా స్నానాల గదిలో గరుకు చాప పరిచింది. అత్తగారు కర్టెన్లు కుట్టుకుంది. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచింది గానీ, మాట ముల్లులాంటిది, దిగినంత తేలిగ్గా వెనక్కి రాదు. రెండుసార్లూ దారం ఏదని అడిగి ఊరుకుంది.

ఆసుపత్రిలో ఆయన చేతికి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపాగి ఫోటో తీశారు. మళ్లీ మధ్యాహ్నం ఇంకోటి తీయాలి, అప్పటిదాకా కూర్చోమన్నారు. నలుగురూ వరండాలో వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆయనకు మబ్బు విడిచింది. ఎప్పుడు కమ్ముతుందో, ఎప్పుడు విడుస్తుందో ఎవరికీ అంతుబట్టని మబ్బు అది.

"ఏమోయ్, ఈ మిషను కాఫీ తాగావా? కాఫీ గింజ దీని పక్కనుంచి నడిచి వెళ్లినట్టుంది" అన్నాడు భార్యతో.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. బాత్రూముకి వెళ్లాలన్నా ఆ చెయ్యి కొడుకుని పట్టుకోమని అప్పజెప్పి వెళ్లింది, ఈలోపు మళ్లీ ఎటైనా వెళ్లిపోతాడేమోనని.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. జడలో పెన్సిలు గుచ్చుకుని, అది కనబడక బల్లంతా వెతుకుతోంది. కోడలు చూపిస్తే నాలిక కరుచుకుని నవ్వింది. తర్వాత కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పింది. దాని మీద రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి, రెండూ మనిషి ఛాతీవే.

"ఇది వేరే పేషెంటుది. మతిమరుపే, కానీ వేరే రకం. ఎడమవైపు ఇక్కడ చూశారా? వెలుగు కనబడుతోంది. ఇది తాతగారిది."

రెండో బొమ్మలో ఎడమవైపు చీకటిగా ఉంది. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"గుండె ఏదమ్మా?" అంది. "ఈయన గుండె ఏదీ? ఇన్నేళ్లు కాపురం చేశాను. అందులో ఏమీ లేదంటారా?"

"అయ్యో, గుండె ఉందమ్మా, శుభ్రంగా కొట్టుకుంటోంది" డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మనం పొద్దున ఇచ్చిన మందు గుండెను చూపించడానికి కాదు. గుండెకు వెళ్లే సన్నటి నరాలుంటాయి. అవి బాగుంటే ఆ మందును పీల్చుకుని ఇలా వెలుగుతాయి. తాతగారికి ఆ నరాలు బాగా దెబ్బతిన్నాయి."

ఆయన ఇందాకటి నుంచీ తెర వైపే చూస్తున్నాడు. "అంటే మోటారు బాగానే ఉంది. దానికొచ్చే వైరు పోయింది."

"అంతే తాతగారూ."

"చూశావా?" అన్నాడు భార్యతో గర్వంగా. "మూత విప్పకుండానే కనిపెట్టారు."

కొడుకు ముందుకు వంగాడు. "కానీ మేడమ్, జబ్బు తలలో కదా?"

"తలలోనే. మెదడులో ఒక రకం ప్రొటీను చెత్తలా పేరుకుంటుంది. ఈ రకంలో అదే చెత్త గుండె నరాల్లోనూ చేరుతుంది. అందరూ ఎక్కువగా వినే మతిమరుపు జబ్బులో ఈ నరాలు మామూలుగా బాగానే ఉంటాయి. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉన్నప్పుడు, గుండెని అడిగితే తేడా చెబుతుంది. ఇదొక్కటే చూసి అనట్లేదు. షుగరున్నా, పాత గుండెజబ్బున్నా ఈ ఫోటో మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆయనకి ఆ రెండూ లేవు. లేని పిల్లలు కనబడడం, ఒకరోజు బాగుండి ఒకరోజు మబ్బుగా ఉండడం, అడుగులు చిన్నవైపోవడం, నిద్రలో కాళ్లూ చేతులూ విసరడం, అన్నీ కలిసొచ్చాయి."

"నిద్రలో తన్నడం కూడా జబ్బేనా?" ఆవిడ నోరు తెరిచింది. "జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచీ తంతున్నాడమ్మా! నామీద కసంతా కలలో తీర్చుకుంటున్నాడు అనుకున్నా."

"కొందరికి అలా చాలా ముందే మొదలవుతుందమ్మా."

"విన్నావా?" అన్నాడు ఆయన. "నా తప్పు లేదు. ఊరికే మంచం మార్పించావు."

డాక్టరమ్మతో సహా అందరూ నవ్వారు. తర్వాత ఆమె కాగితాలు తిరగేస్తూ ఒక చోట ఆగింది.

"ఈ మాత్ర రెండు రోజులే వాడినట్టుంది. ఈ రకం జబ్బులో ఇది చాలామందికి పడదు. ఒళ్లు బిగుసుకుపోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. ఎవరు గమనించారు?"

కోడలు తల దించుకుని సంచీ పట్టీ సర్దుకుంది. కొడుకు పెళ్లాం వైపు చూశాడు. అందరికంటే ముందు అత్తగారే పలికింది.

"మా అమ్మాయి" అంది.

చెయ్యి చాచి కోడలి మోకాలి మీద పెట్టింది. కోడలు ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి, మరో చేత్తో కళ్లు తుడుచుకుంది.

ఆవిడ అడగాల్సింది ఇంకొకటి మిగిలే ఉంది. ఆయన్ని కొడుకు బయటికి నడిపించుకెళ్లాక అడిగింది. "ఆయన నన్ను మర్చిపోతున్నారా అమ్మా?"

"ఇంట్లో ఉండగానే మిమ్మల్ని వెతుకుతారని మీ కోడలు చెప్పింది. అప్పుడు మీ గురించి ఏం చెబుతారు?"

"అన్నీ చెబుతారు. నేనే మర్చిపోయినవి కూడా."

"మరి మర్చిపోయిన మనిషి ఎలా చెబుతారు? మీరు ఆయనకి గుర్తున్నారు. కళ్లెదుట కనబడే మొహాన్ని, ఆ గుర్తున్న మనిషితో కలిపే చోట తడబాటు వస్తోంది. అప్పుడు వాదించకండి, గెలవలేరు. మందులిస్తాను. జబ్బు మానదు, మబ్బు రోజులు తగ్గొచ్చు."

మందులు కొంత పనిచేశాయి. పిల్లలు రావడం తగ్గింది. కొడుకు గోడలకు పట్టుకుని నడవడానికి కడ్డీలు బిగించాడు. వాటికి మేకులు సరిగ్గా దిగలేదని ఆయన కొడుకుని పూటంతా సతాయించాడు. ఇంట్లో మళ్లీ నవ్వులు వినబడ్డాయి. అయినా ఒక సాయంత్రం, కాఫీ గ్లాసు అందిస్తుంటే, ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు.

"థాంక్సండీ" అన్నాడు. "మా ఆవిడ ఇంకా రాలేదా?"

"వచ్చేస్తుంది లెండి. ఈలోపు కాఫీ తాగండి" అంది ఆవిడ. వాదించలేదు. గొంతు కూడా పెంచలేదు. గ్లాసు చేతిలో పెట్టి, బాల్కనీలోకి వెళ్లి తలుపు చేరేసుకుంది. కింద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. ఎదుటి మేడ మీద ఎవరో బట్టలు తీస్తున్నారు. డాక్టరమ్మ చెప్పిందంతా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఏడుపు ఆగుతుందా? రెయిలింగ్ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

నడుముకు దోపుకున్న ఫోన్ మోగింది. తీసి చూస్తే ఆయన. లోపల కుర్చీలో కూర్చుని చేస్తున్నాడు.

"ఏమోయ్! ఎక్కడికెళ్లావు?"

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. "దగ్గర్లోనే ఉన్నానండీ."

"చీకటి పడకుండా వచ్చెయ్యి. ఇక్కడ ఒకావిడుంది. మంచావిడే, కాఫీ ఇచ్చింది. కానీ నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు." ఒక్క క్షణం ఆగాడు. "ఏడుస్తున్నావా? గొంతు అలా ఉందేంటి? ఎవరేమన్నారు?"

ఏడుపు కూడా గుర్తుపట్టాడు. తలుపుకు అవతల మొహం చూసి ఎవరండీ అన్నవాడు, గొంతులో చిన్న జీర వినగానే ఎవరేమన్నారని కోప్పడుతున్నాడు. గొంతుకి ఏ అడ్డమూ లేదు. అది నేరుగా ఆయన దగ్గరికి వెళుతోంది.

"ఎవరూ ఏమీ అనలేదు. ఇదిగో వస్తున్నా. ఫోన్ పెట్టెయ్యకండి, మాట్లాడుతూనే ఉండండి."

"వచ్చేటప్పుడు బ్రెడ్డు తీసుకురా."

"పొద్దున్నే తెచ్చాను. మీరే సగం తిన్నారు. ఇదిగో, తలుపు తీస్తున్నా. బల్ల దాటాను. ఈ కుర్చీ దారికడ్డంగా ఎవరు పెట్టారండీ, మీరేనా?"

"నేను కాదు, నీ కొడుకే" అంటూ ఆయన తలెత్తాడు. చెవి దగ్గర ఫోన్, ఎదురుగా మనిషి, రెండు చోట్ల నుంచీ ఒకటే గొంతు. ఆయన కళ్లు ఆవిడ పెదాల మీద ఆగాయి. అక్కణ్ణుంచి మెల్లగా పైకి లేచి మొహమంతా తడిమాయి. నుదుటి మీద ముడత విడిపోయింది.

"అబ్బ, వచ్చావా!" అన్నాడు.

షాపు నుంచి అప్పుడే వచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. అత్తగారు కోడల్ని చూసి, ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ చడీచప్పుడు లేకుండా గదిలోకి రాలేదు. కొడుకు మెట్ల దగ్గర్నుంచే కేకలేసుకుంటూ వచ్చేవాడు. ఆవిడైతే వంటింట్లోంచే కబుర్లు మొదలుపెట్టేది. గొంతు ముందు వెళ్లి కూర్చున్నాక, వెనకాల మనిషి వెళ్లేది. ప్రతిసారీ కుదిరేది కాదు. కుదరనప్పుడు ఆవిడ పరాయి మనిషిగానే పక్కన కూర్చుని, ఆయన చెప్పే తన కథలు తనే వినేది. వినగా వినగా ఆవిడకు అవి నచ్చడం మొదలైంది. మొగుడు పెళ్లాం మొహం మీద చెప్పని మాటలు చాలా ఉన్నాయి వాటిలో.

ఒక మధ్యాహ్నం ఆయన చాలా తేటగా ఉన్నాడు. ఆవిడ చేతిలోని దారం ఉండను తను పట్టుకుని, ఆవిడ లాగుతుంటే వదులుతూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు.

"ఏమోయ్, నువ్వు లేనప్పుడు ఒకావిడ వస్తుంది చూడు."

ఆవిడ లాగడం ఆపింది. "ఎవరు?"

"అదే, నీలాగే ఉంటుంది. నేను ఎన్నిసార్లు నువ్వు కాదన్నా విసుక్కోదు. నన్ను ఒక్కణ్ణీ వదిలి వెళ్లదు. మొన్నెప్పుడో ఏడ్చినట్టుంది పాపం, నా మాటకే అనుకుంటా." ఆయన దారం ఉండను అటూ ఇటూ తిప్పాడు. "ఈసారి కనబడితే నువ్వు చెప్పు. నేను చెబితే బాగుండదు. చాలా రుణపడి ఉన్నానని చెప్పు."

ఆవిడ గబగబా తల వంచుకుంది. కన్నీటి బొట్టు ఒకటి గుడ్డ మీద పడి నల్లటి మచ్చలా పరుచుకుంది. దాన్ని బొటనవేలితో అదిమింది.

"చెప్తాను లెండి" అంది. "ఆవిడ చాలా సంతోషిస్తుంది."